ప్రజాప్రతినిధికి సెలవు ఎవరివ్వాలి?

సంక్షిప్తంగా: రాజకీయ నాయకుల కుటుంబ జీవితం గురించి మాట్లాడేటప్పుడు అందరూ తీరిక లేకపోవడాన్నే కారణంగా చెబుతారు. అంతకంటే పెద్ద కారణం వేరే ఉంది. ఎన్నికైన పదవిని కొన్నాళ్లపాటు ఇంకొకరికి అప్పగించే దారి చాలా దేశాల నియమాల్లో లేదు. నాయకుడు లేని చోట ఎవరు నిలబడాలో చట్టసభ తేల్చకపోతే ఆ భారం ఇంటివాళ్ల మీద పడుతుంది. ఓటర్లు వ్యక్తికి కాక పార్టీ జాబితాకు ఓటు వేసే పద్ధతి ఉన్న దేశాలు దీన్ని తేలిగ్గానే పరిష్కరించుకున్నాయి. నియోజకవర్గ పద్ధతి ఉన్న దేశాలు ఇంకా తడుముకుంటున్నాయి.

2019 జనవరి 15 రాత్రి బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగే) ఒప్పందంపై ఓటింగ్ జరిగింది. లేబర్ పార్టీ ఎంపీ తులిప్ సిద్దిఖ్‌కు సరిగ్గా ఆ రోజుల్లోనే సిజేరియన్ జరగాల్సి ఉంది. ఆమె దాన్ని రెండు రోజులు వాయిదా వేయించుకుని, వీల్‌చెయిర్‌లో సభకు వచ్చి ఓటు వేశారు. ప్రభుత్వం 230 ఓట్ల తేడాతో ఓడింది. ఆమె రాకపోయినా ఫలితం మారేది కాదు, కానీ ఓట్ల లెక్క తేలేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నిజానికి ఆమె ఇంట్లోనే ఉండేందుకు ఒక పాత ఏర్పాటు ఉంది. ఒక పక్షం సభ్యుడు రాలేకపోతే అవతలి పక్షం సభ్యుడు ఒకరు తానూ ఓటు వేయకుండా ఆగిపోతారు. దాన్ని పెయిరింగ్ అంటారు. అది రాతలో లేని మర్యాద, మాట మీద నడిచేది. 2018 జులైలో ఆ మాట తప్పింది. బిడ్డను కని కొన్ని వారాలే అయిన లిబరల్ డెమొక్రాట్ ఎంపీ జో స్విన్సన్‌కు జతగా ఆగిపోవాల్సిన అధికార పక్ష సభ్యుడు కీలకమైన ఓటింగ్‌లో ఓటు వేశారు. పొరపాటు జరిగిందని ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అయితే ఆ తర్వాత గర్భిణిగా ఉన్న మరో ఎంపీ ఆ మర్యాదను నమ్ముకుని ఇంట్లో కూర్చోగలరా?

మామూలు ఉద్యోగిని ఎవరికీ ఎదురుకాని ఈ పరిస్థితి ఎంపీకి ఎందుకు ఎదురవుతుందో తెలియాలంటే ఆ పదవి స్వభావాన్ని చూడాలి.

### ఉద్యోగంలా కనిపించేదే కానీ ఉద్యోగం కాదు

ఉద్యోగికి యజమాని ఉంటాడు. సెలవు అడగడానికి ఒకరు, ఇవ్వడానికి ఒకరు, ఆ రోజుల్లో పని చూసుకోవడానికి ఇంకొకరు ఉంటారు. ప్రజాప్రతినిధికి ఈ ముగ్గురూ లేరు. జీతం అందుతుంది కానీ యజమాని అంటూ ఒకరు ఉండరు. ఓటర్లనే యజమానులనుకుందామన్నా, లక్షల మంది దగ్గర సెలవు చీటీ పెట్టే పద్ధతి ఎక్కడా లేదు. అన్నిటికంటే ముఖ్యంగా ఆ పని ఇంకొకరికి అప్పగించడం కుదరదు. ఓటర్లు ఎన్నుకున్నది ఒక వ్యక్తిని. సభలో చెయ్యి ఎత్తే హక్కు ఆ వ్యక్తిది మాత్రమే.

కార్మిక చట్టాల ప్రసూతి రక్షణలు చట్టసభ సభ్యులకు అందకపోవడానికి మూలం ఇదే. భారతదేశంలో 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. ఆ సవరణకు ఓటు వేసిన మహిళా ఎంపీలు మాత్రం ఆ చట్టం పరిధిలోకి రారు. వారికి వర్తించేది రాజ్యాంగంలోని 101(4) అధికరణ. సభ అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. శాసనసభ్యుల విషయంలో 190(4) అధికరణ అదే మాట చెబుతుంది. అనుమతి అడిగితే రావచ్చు, వస్తుంది కూడా. కానీ ఆ నియమానికి బిడ్డను కనడమూ, ఊరికే రాకపోవడమూ ఒకే గాటన కనిపిస్తాయి.

కెనడాలో కొన్నేళ్ల కిందటి దాకా పరిస్థితి ఇంతే. 21 రోజులకు మించి గైర్హాజరైతే ఎంపీ జీతంలో కోత పడేది. అనారోగ్యానికి మినహాయింపు ఉండేది, ప్రసవానికి ఉండేది కాదు. 2019లో నియమాలు మార్చి, 12 నెలల దాకా సెలవుకు వీలు కల్పించారు.

ఒక్క మనిషి రాకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు సభ్యులను ఓటింగ్‌కు రప్పించే పార్టీ విప్‌ల దగ్గర ఒక చేదు జవాబుంది. 1979 మార్చి 28న బ్రిటన్‌లో జేమ్స్ కాలహాన్ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చింది. మరణశయ్య మీద ఉన్న లేబర్ ఎంపీ ఆల్‌ఫ్రెడ్ బ్రాటన్‌ను అంబులెన్సులో తీసుకురావాలా వద్దా అని పార్టీ తర్జనభర్జన పడి, చివరికి వద్దనుకుంది. ప్రభుత్వం 311-310 ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో కూలింది. ఆయన కొద్ది రోజులకే కన్నుమూశారు. ఇలాంటిది ఒకసారి జరిగితే చాలు, ఆ తర్వాతి తరాల విప్‌లందరికీ గుర్తుంటుంది. ఎంత దగ్గరి మనిషి మంచాన పడినా సభ్యుడిని సభకు రప్పించాలన్న పట్టుదల వెనుక క్రూరత్వం కంటే ఈ లెక్కే ఎక్కువ.

### రెండు ఊళ్లు, మూడు గడియారాలు

చట్టసభ ఒక ఊళ్లో, నియోజకవర్గం ఇంకో ఊళ్లో. కుటుంబం ఏదో ఒక చోటే ఉండగలదు. వీటికి తోడు పార్టీ గడియారం ఒకటి నడుస్తుంటుంది. ఎన్నికలు, అంతర్గత పోటీలు, నిధుల సేకరణ, టీవీ చర్చలు అన్నీ దాని ప్రకారమే జరగాలి. సభ పనివేళలు ఎప్పుడు మొదలవుతాయో తెలుసు. నియోజకవర్గం పని మాత్రం జనానికి తీరిక దొరికే వేళే ఉంటుంది, అంటే సాయంత్రాలూ సెలవు రోజులే. పిల్లలు ఇంట్లో ఉండేదీ సరిగ్గా అప్పుడే.

అమెరికా సెనేటర్‌గా జో బైడెన్ గడిపిన జీవితం దీనికి తరచూ చెప్పే ఉదాహరణ. 1972 డిసెంబరులో, ఎన్నికై ఆరు వారాలైనా కాకముందే, కారు ప్రమాదంలో భార్య, పసి కూతురు చనిపోయారు. ఇద్దరు కొడుకులు ఆసుపత్రి పాలయ్యారు. ఆయన ఆసుపత్రిలోనే ప్రమాణం చేశారు. ఆ తర్వాత 36 ఏళ్లు విల్మింగ్టన్ నుంచి వాషింగ్టన్‌కు రోజూ రైల్లో వెళ్లి వచ్చారు. కథగా ఇది కదిలిస్తుంది. విశ్లేషణకు పనికొచ్చేది మాత్రం భౌగోళిక వాస్తవం. డెలావేర్ రాజధానికి దగ్గర కాబట్టి అది సాధ్యమైంది. విస్కాన్సిన్‌కు చెందిన పాల్ ర్యాన్‌కు ఆ వీలు లేదు. 2015లో ప్రతినిధుల సభ స్పీకర్ పదవి చేపట్టేటప్పుడు, కుటుంబంతో గడిపే సమయాన్ని వదులుకోబోనని ఆయన ముందే షరతు పెట్టారు. అయినా 2018 ఏప్రిల్‌లో, ఇంకో విడత ఉంటే పిల్లలకు తాను వారాంతాల్లో మాత్రమే కనిపించే తండ్రిగా మిగిలిపోతానంటూ మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. స్పీకర్ స్థాయి మనిషికే షరతు నిలవలేదంటే, కొత్తగా గెలిచిన సభ్యుల మాట చెప్పనక్కర్లేదు.

సభ వేళలు మారిస్తే సరిపోదా అన్నది తరచూ వినిపించే సూచన. బ్రిటన్ అనుభవం చూస్తే అది అంత తేలిక కాదని తెలుస్తుంది. కామన్స్ సభ చాలాకాలం మధ్యాహ్నం రెండున్నరకు మొదలై రాత్రి పదింటి దాకా, ఒక్కోసారి ఇంకా పొద్దుపోయే దాకా నడిచేది. ఉదయం పూట సభ్యులు లాయర్లుగానో వ్యాపారులుగానో సొంత పనులు చూసుకున్న కాలం నాటి అలవాటది. 2003లో వేళలను ముందుకు జరిపారు. రెండేళ్లకే కొంత వెనక్కి తగ్గారు. కారణం ఏమిటంటే, రాత్రి ఏడింటికి సభ ముగిస్తే లండన్‌లో ఇల్లున్న ఎంపీకి పిల్లలతో కలిసి భోంచేసే వీలుంటుంది. స్కాట్లండ్ ఎంపీకి మాత్రం ఒంటరి గదిలో ఇంకో మూడు గంటలు మిగులుతాయి. సోమ, మంగళవారాల్లో అర్ధరాత్రి దాకా పనిచేసైనా గురువారానికల్లా ఇంటికి చేరడమే అతడికి కావాలి. ఒకరి కుటుంబానికి మేలు చేసే వేళలు ఇంకొకరి కుటుంబానికి చేటు. ఈ చిక్కుకు అందరినీ మెప్పించే జవాబు ఇప్పటికీ లేదు.

స్విట్జర్లాండ్ దారి వేరు. అక్కడి పార్లమెంటు సాధారణంగా ఏడాదికి నాలుగుసార్లు, ఒక్కోసారి మూడు వారాల చొప్పున కూర్చుంటుంది. సభ్యులు సొంత వృత్తులు వదులుకోరు. వినడానికి హాయిగా ఉంటుంది గానీ, వృత్తి, పదవి, ఇల్లు మూడూ నెత్తిన పడినప్పుడు చిక్కు ఇంకో రూపంలో తేలుతుంది. దాని సంగతి ముందుంది.

### బదులు ఓటా, బదులు మనిషా?

సభకు రాలేని సభ్యుడి సమస్యకు ప్రపంచంలో రెండు రకాల పరిష్కారాలున్నాయి. వాటిలో ఏది కుదురుతుందో ఎన్నికల పద్ధతే నిర్ణయిస్తుంది.

స్వీడన్, డెన్మార్క్, నార్వేలలో ఓటర్లు పార్టీ జాబితాలకు ఓటు వేస్తారు. గెలిచినవారితో పాటు వారి తర్వాతి వరుసలో ఉన్నవారూ అప్పుడే ఖరారవుతారు. స్వీడన్‌లో ఒక సభ్యురాలు నెల లేదా అంతకు మించి సెలవు పెడితే జాబితాలో తర్వాతి వ్యక్తి వచ్చి కూర్చుంటారు. ఉపఎన్నిక ఉండదు, పార్టీ బలం తగ్గదు, విప్‌కు దిగులుండదు. నెదర్లాండ్స్ ఇందుకోసం రాజ్యాంగాన్నే సవరించింది. గర్భిణి లేదా అనారోగ్యంతో ఉన్న సభ్యులకు బదులుగా 16 వారాలు మరొకరు పనిచేస్తారు.

నియోజకవర్గానికి ఒక్కరినే ఎన్నుకునే దేశాల్లో బదులు మనిషి దొరకరు. అందుకే అవి బదులు ఓటు వైపు చూశాయి. తులిప్ సిద్దిఖ్ వీల్‌చెయిర్ దృశ్యం టీవీల్లో కనిపించిన రెండు వారాలకు కామన్స్ సభ ప్రాక్సీ ఓటింగ్‌ను ప్రయోగాత్మకంగా ఆమోదించింది. కొత్తగా తల్లిదండ్రులైన సభ్యులు తమ ఓటును సహచరుడి ద్వారా వేయించుకోవచ్చు. 2020లో అది శాశ్వతమైంది. తమాషా ఏమిటంటే ఏడాది ముందే, 2018 ఫిబ్రవరిలో, సభ ఆ ఆలోచనకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అమలుకు మాత్రం ఆ దృశ్యం కావాల్సి వచ్చింది.

అమెరికాలో ఈ దారికి రాజ్యాంగమే అడ్డమని వాదించేవారు గట్టిగా ఉన్నారు. సభ నడవడానికి సగానికి మించి సభ్యులు ఉండాలన్న నిబంధనకు అర్థం సభలో భౌతికంగా ఉండటమేనని వారంటారు. కోవిడ్ కాలంలో, 2020 మే నుంచి 2023 జనవరి దాకా, ప్రతినిధుల సభ ప్రాక్సీ ఓటును అనుమతించింది. కొందరు సభ్యులు కోవిడ్ పేరు చెప్పి ప్రాక్సీ ఇచ్చి, పార్టీ సభల్లో ప్రసంగిస్తూ కనిపించారు. దాంతో వ్యతిరేకులకు మంచి ఆయుధం దొరికింది. 2025లో రిపబ్లికన్ సభ్యురాలు ఆనా పౌలీనా లూనా, డెమొక్రాట్ బ్రిటనీ పెటర్సన్ కలిసి కొత్త తల్లిదండ్రులకైనా ఆ వెసులుబాటు ఇవ్వాలని పట్టుబట్టారు. స్పీకర్ మైక్ జాన్సన్ అడ్డుకున్నారు. ఆ పోరులో ఒక ఓటింగ్‌లో సొంత పార్టీ సభ్యులే కొందరు స్పీకర్‌ను ఓడించారు కూడా. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, బ్రిటన్‌లో మాట తప్పిన ఆ పాత పెయిరింగ్.

ప్రాక్సీకి వ్యతిరేకంగా చెప్పే ఇంకో మాటను తేలిగ్గా తీసేయలేం. ఓటు విప్ చేతిలో పెడితే సభ్యుడి స్వతంత్ర నిర్ణయం మరింత సన్నగిల్లుతుంది. చర్చ వినకుండా వేసే ఓటు మీద గౌరవం ఎంత అన్నది ఆ వాదన. అయితే సభలో కూర్చున్నవారంతా చర్చ విని ఓటు వేస్తున్నారనుకుంటేనే అది పూర్తిగా నిలుస్తుంది.

ఇక స్విట్జర్లాండ్. అక్కడ ప్రసూతి సెలవు 14 వారాలు, ఆ కాలానికి భత్యం వస్తుంది. పనిలోకి వస్తే భత్యం ఆగిపోతుంది. ఎంపీ కాత్రిన్ బెర్చీ ప్రసూతి సెలవులో ఉండగా పార్లమెంటు సమావేశాలకు వెళ్లారు. అక్కడ ఆమెకు బదులు ఓటు వేసేవారు ఉండరు మరి. అది పనిలోకి రావడమే అవుతుందని అధికారులు తేల్చి, ఆమె సొంత వృత్తికి సంబంధించిన భత్యాన్ని కూడా ఆపేశారు. 2022లో అత్యున్నత న్యాయస్థానం సైతం అది చట్టప్రకారం సరైనదేనంది. ఓటర్లు అప్పగించిన పని చేసినందుకు తల్లిగా రావాల్సింది పోయింది. చట్టం మార్చి, 2024 జులై 1 నుంచి తల్లులు భత్యం కోల్పోకుండా సభకు వెళ్లే వీలు కల్పించారు. సెలవు తీసుకోనివ్వకపోవడం ఒక సమస్య అయితే, సెలవులో ఉండి బాధ్యత నెరవేరిస్తే శిక్షపడటం ఇంకో సమస్య. రెండింటి మూలం ఒకటే. నియమాలు రాసినవారికి బిడ్డ తల్లి అయిన ఎంపీ ఉంటుందన్న ఊహే లేదు.

### మంత్రి పదవైతే ఇంకో చిక్కు

మంత్రులకు బదులు ఓటు సమస్య చిన్నది, బదులు సంతకం సమస్య పెద్దది. బ్రిటన్‌లో జీతం తీసుకునే మంత్రుల సంఖ్యకు చట్టం పరిమితి పెట్టింది. ఒక మంత్రి సెలవు పెట్టి ఇంకొకరు ఆ స్థానంలోకి వస్తే సంఖ్య మించిపోతుంది. అందువల్ల 2021లో అటార్నీ జనరల్ సుయెల్లా బ్రేవర్‌మన్ ప్రసవానికి ముందు కొత్త చట్టం చేయాల్సి వచ్చింది. లేకపోతే ఆమెకు రాజీనామాయే దారి. అదే ఏడాది ఐర్లండ్‌లో న్యాయశాఖ మంత్రి హెలెన్ మెకెంటీకి ప్రసూతి సెలవు అవసరమైంది. అక్కడి రాజ్యాంగం మంత్రివర్గంలో 15 మందికి మించి ఒప్పుకోదు. ఆమెను శాఖ లేని మంత్రిగా ఉంచి, శాఖను సహచర మంత్రికి అప్పగించారు. చిన్న సర్దుబాటే. కానీ ఒక మంత్రి ప్రసవిస్తే రాజ్యాంగంలో సందు వెతకాల్సి వచ్చిందన్నది గమనించాలి.

నియమం లేని చోట వ్యక్తి ధైర్యమే నియమమవుతుంది, అది మనిషికొక తీరుగా ఉంటుంది. 2008లో స్పెయిన్ రక్షణ మంత్రి కార్మే చాకోన్ నిండు గర్భంతో సైనిక వందనం స్వీకరించి, ప్రసవం తర్వాత ఆరు వారాలు సెలవులో ఉన్నారు. 2009 జనవరిలో ఫ్రాన్స్ న్యాయమంత్రి రషీదా దాతీ సిజేరియన్ జరిగిన ఐదు రోజులకే మంత్రివర్గ సమావేశానికి వచ్చారు. ఇతర తల్లుల సెలవు హక్కును చులకన చేశారని ఆమెను కొందరు తప్పుబట్టారు. సెలవు తీసుకుని ఉంటే పదవికి తగరనేవారూ ఉండేవారే. ప్రధానిగా ఉంటూ బిడ్డను కన్న మొదటి నేత బేనజీర్ భుట్టో. అది 1990 జనవరి. రెండో ఉదాహరణ న్యూజిలాండ్‌లో జసిండా ఆర్డెర్న్, 2018 జూన్. మధ్యలో 28 ఏళ్లు గడిచాయి. ఆర్డెర్న్ ఆరు వారాలు సెలవు తీసుకున్నారు, ఉపప్రధాని విన్‌స్టన్ పీటర్స్ ఆ కాలం బాధ్యత చూశారు. తేడా ఏమిటంటే ఈసారి ఎవరు, ఎన్నాళ్లు, ఏయే అధికారాలతో అన్నది ముందే ప్రకటించారు.

మగ నేతలకు ఎదురయ్యే ఒత్తిడి వేరే రకం. సెలవు వద్దని చట్టం చెప్పదు, పరువు చెబుతుంది. ఫిన్లండ్ ప్రధాని పావో లిప్పోనెన్ 1998లో పితృత్వ సెలవు తీసుకున్నారు. 2000లో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్‌కు కొడుకు పుట్టబోయే ముందు ఆయన భార్య షెరీ బహిరంగంగానే లిప్పోనెన్‌ను మెచ్చుకున్నారు. అయినా బ్లెయిర్ పని కొంత తగ్గించుకోవడంతో సరిపెట్టారు. 2023 మొదట్లో, నాటో సభ్యత్వం కోసం దేశం ఎదురుచూస్తున్న వేళ, ఫిన్లండ్ రక్షణ మంత్రి ఆంటి కైకోనెన్ రెండు నెలలు పితృత్వ సెలవులో ఉన్నారు. బదులు మంత్రి వచ్చారు, పని ఆగలేదు. జపాన్‌లో 2020లో పర్యావరణ మంత్రి షింజిరో కోయిజుమి మూడు నెలల్లో అక్కడక్కడా కలిపి రెండు వారాల సెలవు తీసుకుంటానంటేనే అది పెద్ద వార్త అయింది.

### పసిబిడ్డ "అపరిచిత వ్యక్తి" అయిన సందర్భం

ఇది చిన్న విషయమే, కానీ వార్తల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. 2003లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర సభలో కర్స్టీ మార్షల్ 11 రోజుల బిడ్డకు పాలిస్తుంటే బయటికి వెళ్లమన్నారు. సభ్యులు కానివారంతా సభా నియమాల ప్రకారం "అపరిచితులు", బిడ్డ సభ్యురాలు కాదు. 2017లో జపాన్‌లోని కుమమొతో నగర సభలో, 2019లో కెన్యా పార్లమెంటులో ఇలాగే జరిగింది. 2018 ఏప్రిల్‌లో సెనేటర్ టామీ డక్‌వర్త్ ప్రసవించాక అమెరికా సెనేట్ ఏడాదిలోపు పిల్లలను సభలోకి రానిచ్చేలా నియమం మార్చింది. బ్రిటన్ పార్లమెంటులో శిశు సంరక్షణ కేంద్రం 2010లో వచ్చింది. అంతకుముందు ఆ చోట బార్ ఉండేది.

బిడ్డను సభలోకి రానివ్వడం మంచిదే గానీ, దాంతో తల్లికి సెలవు దొరికినట్టు కాదు. సెలవు ఏర్పాటు లేని చోటే సభలో ఉయ్యాల అవసరం ఎక్కువగా కనిపిస్తుంది.

### జీతం లేని రెండో ప్రతినిధి

నాయకుడు రాజధానిలో ఉన్నప్పుడు ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చినవారితో మాట్లాడేది ఎవరు? ఫోను ఎత్తేది, పరామర్శకు వెళ్లేది, కార్యకర్తల అలకలు తీర్చేది ఎవరు? చాలా చోట్ల భార్య, లేదా భర్త, లేదా తమ్ముడు, కొడుకు. చట్టసభ నియమించని బదులు మనిషిని ఇల్లు నియమిస్తుంది. ఆ మనిషికి జీతమూ ఉండదు, అధికారమూ ఉండదు, జవాబుదారీతనం అంతకన్నా ఉండదు.

దీన్ని సక్రమం చేద్దామని కుటుంబ సభ్యులను అధికారికంగా సహాయకులుగా పెట్టుకునే పద్ధతి కొన్ని దేశాల్లో వచ్చింది. అదెలా బెడిసికొడుతుందో ఫ్రాన్స్ చూసింది. 2017 అధ్యక్ష ఎన్నికల్లో ముందంజలో ఉన్న ఫ్రాంస్వా ఫియోన్, భార్య చేయని పనికి పార్లమెంటు సహాయకురాలి జీతం ఇప్పించారన్న ఆరోపణతో కుప్పకూలారు. తర్వాత కోర్టు ఇద్దరినీ దోషులుగా తేల్చింది. అదే ఏడాది ఫ్రాన్స్ దగ్గరి బంధువులను సహాయకులుగా పెట్టుకోవడాన్ని నిషేధించింది. 2017 నుంచి కొత్తగా ఎన్నికైన బ్రిటన్ ఎంపీలకూ బంధువులను ప్రజాధనంతో నియమించుకునే వీలు లేదు. అమెరికాలో ఇలాంటి చట్టం 1967 నుంచే ఉంది.

నిషేధం సబబే. కానీ దాని రెండో ప్రభావం గురించి మాట్లాడేవారు తక్కువ. జీతం ఆగిందే తప్ప పని ఆగలేదు. ఇంటివాళ్లు చేసే ఆ పని మళ్లీ లెక్కలోకి రాని చాకిరీగా మారింది. దంపతులిద్దరూ రాజధానిలో ఒకే చోట పనిచేసుకునే ఒక్క వెసులుబాటూ పోయిందని నిజాయితీగా పనిచేసిన జంటలు బాధపడటంలో అర్థముంది.

వారసత్వ రాజకీయాలకు ఇక్కడ దొరికే అదనపు బలం గమనించదగ్గది. ఇంట గెలిచి రచ్చ గెలవాలని సామెత. రాజకీయ కుటుంబాల్లో ఇల్లే రచ్చ. అనుచరులు, వంశం పేరు, పిల్లల్ని చూసుకునే పెద్దలు, ఫోన్లు ఎత్తే బంధువులు తరతరాలుగా సిద్ధంగా ఉంటారు. మొదటి తరం నాయకురాలికి ఇవన్నీ సున్నా నుంచి కూడగట్టుకోవాల్సినవి. సెలవులు, బదులు ఓట్లు, శిశు సంరక్షణ లేని వ్యవస్థ పైకి అందరికీ సమానంగా కష్టమే అయినా, వారసులకు ఆ కష్టం సగమే.

### గోడలు పలచబడిన ఇల్లు

కుటుంబంతో గడిపే సమయం దొరికినా, ఆ కుటుంబం సురక్షితంగా ఉందా అన్న ప్రశ్న ఇటీవల ముందుకొచ్చింది. బ్రిటన్‌లో 2016లో జో కాక్స్, 2021లో డేవిడ్ ఏమెస్, ఇద్దరు ఎంపీలూ తమ నియోజకవర్గాల్లో ప్రజలను కలిసే పనిలో ఉండగానే హత్యకు గురయ్యారు. 2022 అక్టోబరులో అమెరికా స్పీకర్ నాన్సీ పెలోసీ కోసం ఇంట్లోకి చొరబడిన వ్యక్తి ఆమె భర్తపై సుత్తితో దాడి చేశాడు. ఆమె ఆ సమయంలో ఇంట్లో లేరు. నెదర్లాండ్స్ ఉపప్రధాని సిగ్రిడ్ కాగ్ 2023లో జాతీయ రాజకీయాల నుంచి తప్పుకుంటూ, బెదిరింపులు తన కుటుంబంపై చూపిన ప్రభావాన్నే కారణంగా చెప్పారు.

ప్రమాదం కాకపోయినా నిఘా ఉంటుంది. 2021లో ఫిన్లండ్ ప్రధాని సన్నా మారిన్ కుటుంబం అధికార నివాసంలో తిన్న ఉదయపు అల్పాహారం ఖర్చు ఎవరు భరించాలన్నది వారాల తరబడి చర్చ అయింది. ప్రజాధనంపై ప్రశ్న అడగడం సరైనదే, ఆమె ఆ సొమ్ము తిరిగి చెల్లిస్తానన్నారు కూడా. అయితే ఇల్లే కార్యాలయం అయిన చోట ఇంటి ఖర్చు ఎక్కడ ఆగి ప్రభుత్వ ఖర్చు ఎక్కడ మొదలవుతుందో గీత గీసిన దేశాలు తక్కువ.

### "కుటుంబం కోసం" రాజీనామా

1990 జనవరిలో మార్గరెట్ థాచర్ మంత్రివర్గం నుంచి నార్మన్ ఫౌలర్ తప్పుకుంటూ కుటుంబంతో ఎక్కువ సమయం గడపాలనుకుంటున్నానన్నారు. అప్పటి నుంచి బ్రిటన్‌లో ఆ మాట, అసలు కారణం దాచుకునేవారు కప్పుకునే దుప్పటిగా స్థిరపడింది. జపాన్‌లో ఇంకా విడ్డూరం జరిగింది. 2015లో పితృత్వ సెలవు తీసుకుంటానని ప్రకటించి పేరు తెచ్చుకున్న పాలకపక్ష ఎంపీ, వివాహేతర సంబంధం బయటపడి కొన్ని నెలల్లోనే రాజీనామా చేశారు.

అలాగని ఆ మాట చెప్పిన ప్రతివారినీ అనుమానించనక్కర్లేదు. బిల్ క్లింటన్ దగ్గర కార్మిక మంత్రిగా పనిచేసిన రాబర్ట్ రైక్ 1996 చివర్లో తప్పుకోవడానికి చెప్పిన కారణం చిన్నది. రాత్రి ఎంత ఆలస్యమైనా తనను లేపమని చిన్న కొడుకు అడిగాడట, తండ్రి ఇంట్లో ఉన్నాడని తెలుసుకోవడానికి. ఆస్ట్రేలియా ఉపప్రధాని టిమ్ ఫిషర్ 1999లో పదవి వదిలింది ఆటిజం ఉన్న కొడుకుకు సమయం ఇవ్వడానికి. 2023లో ఆర్డెర్న్ రాజీనామా ప్రకటనలో ఇంకా శక్తి మిగల్లేదన్న మాటతో పాటు, బడిలో చేరబోయే కూతురి ప్రస్తావన వచ్చింది. ఇలాంటి ప్రకటనలో నిజమెంతో తేల్చడానికి ఒక ముతక కొలబద్ద ఉంది. పదవి ఊగిసలాడుతున్నప్పుడు కుటుంబం గుర్తొస్తే ఒక రకం, పదవి నిలకడగా ఉండగా గుర్తొస్తే ఇంకో రకం. రైక్, ఫిషర్ రెండో కోవకు చెందుతారు. ఆర్డెర్న్ పార్టీ అప్పటికే సర్వేల్లో వెనుకబడి ఉంది కాబట్టి ఆమె విషయంలో రెండూ కలిసి ఉండవచ్చు.

### బరిలోకి ఎవరు దిగుతారు

ఈ నియమాల అసలు ప్రభావం పదవిలో ఉన్నవారి మీద కంటే పదవి వైపే రాని వారి మీద ఎక్కువ. వారు ఏ లెక్కలోనూ కనిపించరు. అంతర్జాతీయ పార్లమెంటరీ సమాఖ్య లెక్కల ప్రకారం ప్రపంచ చట్టసభల్లో మహిళల వాటా 1995లో 11.3 శాతం, 2025 నాటికి 27.2 శాతం. ఈ తేడాకు కోటాలు, పార్టీల నిర్ణయాలు, ఎన్నికల ఖర్చు వంటి కారణాలెన్నో ఉన్నాయి. పని తీరు వాటిలో ఒకటి. పిల్లలు పెద్దయ్యాకే మహిళలు బరిలోకి దిగితే, అదే పార్టీలో పదేళ్ల ముందు దిగిన మగవారు అప్పటికే సీనియర్లవుతారు, మంత్రి పదవులు వారికే దక్కుతాయి.

చట్టాల నాణ్యత మీద కూడా ప్రభావం ఉంటుంది. జర్మనీలో ఏడుగురు పిల్లల తల్లి ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ కుటుంబ వ్యవహారాల మంత్రిగా ఉన్నప్పుడే, 2007లో, కొత్త తల్లిదండ్రుల భత్యం అమల్లోకి వచ్చింది. మొత్తం 14 నెలల్లో రెండు నెలలు రెండో భాగస్వామి తీసుకుంటేనే దక్కేలా, అంటే తండ్రులను ఇంట్లో కూర్చోబెట్టేలా, దాన్ని రూపొందించారు. ఆమెకు పిల్లలున్నారు కాబట్టే ఆ చట్టం వచ్చిందనలేం. ఇంటి పని తెలిసినవారు సభలో ఉంటే చర్చకు వచ్చే అంశాలు మారతాయన్న వాదనకు మాత్రం అది బలమిస్తుంది.

రాబోయే మార్పులు ఎటు వెళ్లవచ్చో కొంత ఊహించవచ్చు. జాబితా పద్ధతి ఉన్న దేశాల్లో బదులు సభ్యుల ఏర్పాటు స్థిరపడిపోయింది. నియోజకవర్గ పద్ధతి దేశాలు ప్రాక్సీ వైపో, కెనడా 2023లో శాశ్వతం చేసుకున్నట్టు ఇంటి నుంచే పాల్గొని ఓటు వేసే పద్ధతి వైపో నెమ్మదిగా జరుగుతున్నాయి. ఓటు సమస్య అలా తీరినా నియోజకవర్గం గుమ్మం దగ్గరి పని తీరదు. దానికి జీతమిచ్చి శిక్షణ పొందిన సిబ్బందిని పెట్టాలంటే చట్టసభల ఖర్చు పెరుగుతుంది. నాయకుల కోసం ఖర్చు పెంచమని ఓటర్లను అడిగే ధైర్యం ఏ పార్టీకీ పెద్దగా లేదు.

ఇంకో ఖాళీ గురించి చర్చే మొదలవలేదు. ఇప్పటిదాకా వచ్చిన ఏర్పాట్లు ఎక్కువగా ప్రసవం చుట్టూ అల్లినవి. బ్రిటన్ 2022లో దీర్ఘకాలిక అనారోగ్యం ఉన్న ఎంపీలకూ ప్రాక్సీని ప్రయోగాత్మకంగా విస్తరించింది, కానీ అది సభ్యుడి సొంత అనారోగ్యానికి. ప్రపంచ పార్లమెంటు సభ్యుల సగటు వయసు 50 ఏళ్ల చుట్టుపక్కల ఉంది. ఆ వయసులో ఇంట్లో ఉయ్యాల కంటే మంచాన పడిన తల్లో, తండ్రో ఉండే అవకాశమే ఎక్కువ. వారి కోసం నెల రోజులు సభకు రాలేనన్న సభ్యుడికి చాలా దేశాల్లో దక్కేది ఇప్పటికీ విప్ దయ, లేదంటే గైర్హాజరు పట్టీలో ఒక గుర్తు.